బావి నీళ్ళ రిపోర్టు

రిపోర్టులో సీసం లేదు.

దర్జీ కాగితాన్ని మళ్ళీ చదివాడు. ఇంటి నంబరు తమదే. బావీ తమదే. నీళ్ళు మాత్రం తాగడానికి భేషుగ్గా ఉన్నాయట. వెనకాలేమైనా రాశారేమోనని తిప్పి చూశాడు. ఏమీ లేదు.

"సార్, ఈ నీళ్ళు తాగే మా పాప రక్తంలో సీసం చేరింది. ఆస్పత్రి కాగితాలున్నాయి," అన్నాడు.

"అది పాప సంగతి. ఇది బావి సంగతి," అన్నాడు ఆఫీసు గుమాస్తా తల ఎత్తకుండానే. "బావి బాగుందిగా. ఫైలు మూసేశారు."

ఆ ఫైలు తెరిపించడానికే రెండేళ్ళు పట్టింది. వీధి చివర పాత బ్యాటరీలు పగలగొట్టే కార్ఖానా వచ్చినప్పటి నుంచీ అర్జీలు పెట్టి పెట్టి దర్జీ చెప్పులరిగిపోయాయి. పరీక్షలో సీసం తేలితే కార్ఖానాకి తాళం పడుతుంది, వీధికి కుళాయి వస్తుంది. తేలకపోతే ఇక అంతే సంగతులు. ఇంటిల్లిపాదీ ఆ ఒక్క కాగితం మీదే ప్రాణాలు పెట్టుకుని కూర్చున్నారు.

ఈలోగా పిల్లని కాపాడుకోవాలిగా. సీసం కాచినా పోదు, గుడ్డలో వడగట్టినా పోదు. వ్యవసాయ కాలేజీ మేడం ఒకావిడ ఉపాయం చెప్పింది. గింజలు ఒలిచేసిన మొక్కజొన్న కండెల్ని మూతపెట్టిన డబ్బాలో, గాలి తగలకుండా కాల్చాలి. ఆ బొగ్గును నలగ్గొట్టి, కడిగి, డ్రమ్ములో ఇసుక మీద జానెడు మందాన పరవాలి. పైన బావి నీళ్ళు పోస్తే సీసాన్ని బొగ్గు పట్టేసుకుంటుంది.

సూదీ దారం తప్ప ఇంకోటి ఎరగని మనిషి బొగ్గులు కాల్చడానికి కూర్చున్నాడు. మొదటి రెండుసార్లు బూడిదే మిగిలింది.

"అన్నా, నీళ్ళు తెల్లబడతాయో లేదోగానీ నువ్వు మాత్రం నల్లబడ్డావు," అని పక్కింటాయన వేళాకోళం ఆడాడు.

మూడోసారి కుదిరింది. మేడం ఆ నీళ్ళు పరీక్ష చేయించి, సీసం దాదాపు లేదని చెప్పిన రోజు దర్జీ మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాడు.

కానీ డ్రమ్ము బొట్టు బొట్టుగా కారుతుంది. తొందరపెడితే సీసం కూడా దిగిపోతుంది. రోజంతా కారితే ఒక్క చిన్న బిందె. అది పాపకే. డ్రమ్ముకి కాపలా దర్జీ తల్లి. కోడలు దాహమన్నా గ్లాసు ముంచనివ్వదు. తనూ బావి నీళ్ళే తాగుతుంది.

"కార్ఖానా వాళ్ళు నీళ్ళ సీసా మార్పించారు సార్," అన్నాడు దర్జీ గుమాస్తాతో.

"మాటలు జాగ్రత్త. మావాడు నీళ్ళు పట్టింది మీ ఇంట్లో. సీలు వేసింది మీ గుమ్మంలో. సాక్షిగా మీ అమ్మగారి వేలిముద్ర కూడా ఉంది."

నిజమే. ఆ రోజు భార్యాభర్తలిద్దరూ పాపని తీసుకుని ఆస్పత్రికి వెళ్ళారు.

"మళ్ళీ పరీక్ష చెయ్యరా?"

"ఒకసారి బాగుందని వస్తే ఐదేళ్ళదాకా ఆ బావి జోలికి వెళ్ళరు."

పాపకిప్పుడు ఆరేళ్ళు. దర్జీ వేళ్ళు మడిచి లెక్క వేసుకున్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు.

ఇంటికొచ్చి కాగితం భార్య చేతిలో పెట్టాడు. ఆమె చదివి గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. పాప ఆమె ఒళ్ళో పొట్ట పట్టుకుని ముడుచుకుని పడుకుంది.

"నీళ్ళు పట్టుకెళ్ళినవాడు డబ్బు తిన్నాడు, దొంగవెధవ," అన్నాడు దర్జీ. "దారిలోనే సీసా మార్చేసి ఉంటాడు. వాడికి పిల్లలుండరా?"

తల్లికి ఆ మాట నచ్చలేదు.

"ఊరికే ఒకర్ని ఆడిపోసుకోకురా. పాపం, ఎండన పడి నడిచొచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు. నువ్వే పట్టుకురా అమ్మా అని సీసా నా చేతికిచ్చాడు. నా ముందే మూత బిగించి సీలు వేశాడు."

"మరి సీసం ఏమైపోయిందమ్మా?"

"నాకేం తెలుసురా, పరీక్షంటే అక్కడెవరో తాగి చూస్తారు కదా, ఏ తల్లి కన్నబిడ్డో ఏమో, చూస్తూ చూస్తూ ఆ బావి నీళ్ళు పంపడానికి చేతులు రాక పాప డ్రమ్ములోవే పట్టిచ్చాను."