నిమ్మచెక్క

“పులుసు మాడి బొగ్గవుతోంది! నీ ముక్కేమైందే?” చేపల గంప దించకుండానే గుమ్మంలోంచి అరిచింది కొండమ్మ.

స్టవ్ పక్కనే కూర్చుని కొత్త గాజులు గలగలలాడించుకుంటున్న కోడలు ప్రియాంక ఉలిక్కిపడి మంట ఆర్పేసింది.

“నాకు పుట్టుకతోనే వాసనలు తెలీవత్తయ్యా. కొందరికి ఇలా ఉంటుందని బందరులో డాక్టరు గారు చెప్పారు. మీ అబ్బాయికి తెలుసండీ.”

“మల్లెపూల వాసనైనా తెలీదా?”

“తెల్లగా ఉంటాయని పెట్టుకుంటాను,” నవ్వింది ప్రియాంక.

కొండమ్మ నవ్వలేదు. గిలకలదిండిలో బస్సెక్కితే ఆమె పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. కన్నకూతురు కూడా స్నానం చేసి రమ్మనేది. ఈ పిల్లొక్కతే గంప దించగానే వచ్చి భుజానికి ఆనుకుని కూర్చునేది. అదంతా తన మీద ప్రేమేననుకుంది.

“అందుకా!” అని గొణుక్కుంటూ పెరట్లోకి వెళ్లింది. కోడలొచ్చాక మానేసిన నిమ్మచెక్కను మళ్లీ తీసి, నీచు వాసన పోయేలా చేతికి రుద్దుకోసాగింది.

ప్రియాంక వెనకే వచ్చి పక్కన చతికిలబడింది. “అత్తయ్యా, చేపల వాసన ఎలా ఉంటుందండీ? ఎవర్నడిగినా మొహం ముడుచుకుంటారే గానీ చెప్పరు.”

కొండమ్మ నిమ్మ తగలని రెండో చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. కాసేపాగి మళ్లీ పీల్చింది.

“ఈ చేపల వాసన నాకూ తెలీట్లేదే అమ్మాయ్,” అంది మెల్లగా. “ఇన్నేళ్లూ ఎదుటివాళ్ల మొహాలు చూసే ఉందనుకున్నాను.”