గోడ మీద బొగ్గు గీత

గోడ మీద బొగ్గుతో గీసిన గీతను బ్లెస్సీ వేళ్లు తాకాలి.

గంజి పడి కాలిన చంక మానింది. కానీ కొత్త చర్మం బిగుస్తోంది. రోజూ పైకి ఎత్తించకపోతే చెయ్యి ఇక లేవదని ఏలూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది.

మామ్మ కనకమ్మ మచ్చకు కొబ్బరినూనె రాసి, పిల్ల మోచేతిని పైకి నెట్టింది.

"చచ్చిపోతాను మామ్మా! వదులు!"

"ముందు గీత ముట్టుకో."

వాకిట్లో చేపలు ఆరబెడుతున్న తల్లి పరుగెత్తుకొచ్చింది. "ఈ ఒక్కపూటకి వదిలెయ్యండత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను. అదలా ఏడుస్తుంటే ఎలా చూస్తున్నారండీ?"

"చూడలేకపోతే బయటికెళ్లమ్మా."

బ్లెస్సీకి కోపం వచ్చింది. "నువ్వు చర్చిలో ప్రార్థనకి కూడా ఒక్క చెయ్యే ఎత్తుతావు. బద్ధకం! ముందు నువ్వెత్తు చూద్దాం!"

కనకమ్మ పిల్లను వదిలింది. తన కుడిచేతి వేళ్లను గోడ మీద పైకి పాకించింది. అవి భుజం ఎత్తు దగ్గరే ఆగిపోయాయి. రవిక అంచున పాత మచ్చ తాడులా బిగుసుకుంది.

"నాకూ చిన్నప్పుడు నీలాగే కాలింది."

"మరి నీ చేత ఎత్తించలేదా?"

"ఎత్తించేది మా అమ్మ. నేనేడిస్తే చూడలేక మానేసింది."

తల్లి ముందుకొచ్చి, బ్లెస్సీ మోచెయ్యి తనే పట్టుకుంది.

గీత ఇంకా జానెడు పైన ఉంది.