నల్లపెట్ట కూర్చోవాలి

“అత్తయ్యా, మీ నల్లపెట్ట మళ్ళీ లేచిపోయింది!”

ఇస్త్రీ షాపు నుంచి వచ్చిన కోడలు చెప్పులైనా విడవకుండా గది గుమ్మంలో నిలబడింది. చేతిలో చల్లబడిన మట్టిగుడ్డు ఉంది.

మంచం మీది నుంచి అత్తగారు కళ్ళు తెరిచింది. “పొద్దున కూర్చుందా?”

“కూర్చోకేం! తొమ్మిదింటికి నేను వెళ్ళేటప్పుడు ఈకలన్నీ ఉబ్బించుకుని బుట్టనిండా కూర్చుంది. చెయ్యి పెడితే పొడిచింది కూడా. ఇప్పుడేమో దొడ్లో చెత్త గీరుతోంది.”

“మూడు రోజులు కదలకుండా కూర్చుంటే గానీ అసలు గుడ్లు పెట్టకూడదు. అంతవరకూ మట్టిగుడ్లే.”

“ఆ మూడు రోజులే కదండీ గగనమైపోతోంది!”

ఆ పెట్ట పొదిగితే ఎంత, పొదగకపోతే ఎంత అనుకునే మనిషే కోడలు. కానీ అత్తగారి విరిగిన తుంటి ఎముక అతుక్కుందని, ఇక లేచి నడవాల్సిందేనని, రెండు నెలల్లో నడవకపోతే కాళ్ళు బిగుసుకుపోయి ఇక ఎప్పటికీ మంచమే గతి అని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ఆవిడేమో “నా వల్ల కాదు” అని గోడవైపు తిరిగి పడుకుంది. కొడుకు బతిమాలాడు, కసిరాడు, ఒకరోజు ఏడ్చాడు కూడా. ససేమిరా అంది. అప్పుడే కోడలికి ఉపాయం తట్టింది. కోడిపిల్లలంటే ఆవిడకు ప్రాణం. తల్లి వెనకాల డజను పిల్లలు కియ్యి కియ్యిమంటూ దొడ్లో తిరుగుతుంటే ఆవిణ్ణి మంచం మీద ఎవరాపగలరు?

“దానికింత తంటా ఎందుకే?” అన్నాడు మొగుడు. కరెంటు పని చేస్తాడు, ప్రతిదానికీ అతని దగ్గర వైరు ముక్క ఉంటుంది. “అట్టపెట్టెలో బల్బు పెట్టి నేను పొదిగించేస్తాగా!”

“పెట్టెలో పుట్టిన పిల్లలు ఎవరి వెనకాల తిరుగుతాయి? మీ బల్బు వెనకాలా? మీ అమ్మ లేవాలంటే తల్లి రెక్కల కింద పుట్టిన పిల్లలే కావాలి.”

అతను స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు.

అంతకుముందు కోడలు ఆ గదిలోకి పళ్ళెం పెట్టడానికి వెళ్ళేది, పళ్ళెం తీయడానికి వెళ్ళేది, అంతే. ఇప్పుడు రోజూ సాయంత్రం టీ గ్లాసులు రెండు పట్టుకుని వెళ్ళి మంచం అంచున కూర్చుంటోంది.

“బుట్ట వెలుగులో ఉంటే ఏ పెట్టా కూర్చోదే. దొడ్లోని పాకలో చీకటి మూలన పెట్టి పైన గోనెపట్టా కప్పు,” అనేది అత్తగారు. కప్పింది.

“గడ్డి పలచగా వేసుంటావ్. ఒళ్ళు దిగబడేలా వెయ్యి.” వేసింది.

“నీళ్ళూ గింజలూ బుట్ట పక్కనే ఉండాలి. ఆకలేసి లేచిందంటే దాని తప్పు కాదు, నీది.” అదీ చేసింది.

మొదట్లో దొంగగుడ్లు చెయ్యమంటే షాపులోంచి సబ్బుబిళ్ళలు తెచ్చి గుండ్రంగా చెక్కిన ఘనత మన కోడలిది. పెట్ట ఒకదాన్ని పొడిచి, ముక్కు నేలకేసి రుద్దుకుంటూ పరుగెత్తింది. ఆ సంగతి విన్న రోజున అత్తగారు మంచం ఊగిపోయేలా నవ్వింది. కోడలూ కళ్ళొత్తుకుంటూ నవ్వింది. మర్నాడు బంకమట్టితో గుడ్లు చేసి, ఎండబెట్టి, సున్నం పూసింది.

ఇన్ని చేసినా ఒకటే తంతు. పొద్దున బుట్టలో ఉన్న కోడి సాయంత్రానికి దొడ్లో ఉండేది. తను తెరిచి వెళ్ళిన పాక తలుపు మాత్రం మూసి ఉండేది. గాలికి మూసుకుపోతోందేమోనని ఇటుక అడ్డం పెడితే, మర్నాటికి ఇటుక పక్కకు జరిగి ఉంది.

పొదగడానికి ఇరవై ఒక్క రోజులు తీసేస్తే డాక్టరు చెప్పిన గడువులో వారమే మిగిలింది. ఆ రాత్రి అన్నం సయించలేదు కోడలికి. ఏడుపొచ్చింది. ఏడవకుండా లేచి చెయ్యి కడుక్కుంది.

“ఇది కోడి పని కాదండీ. ఎవరో కావాలని లేపుతున్నారు.”

“పిల్లి అయ్యుంటుందిలే,” అన్నాడు మొగుడు.

“పిల్లి ఇటుక జరుపుతుందా? రేపు సగం రోజు సెలవు పెడతాను. అదెవరో నా కళ్ళతో చూసి, కాళ్ళిరగ్గొట్టి గానీ ఊరుకోను.”

అన్నంత పనీ చేసింది. మర్నాడు పన్నెండింటికి షాపులో ఇస్త్రీపెట్టె దించేసి, వీధి తలుపు జోలికి పోకుండా సందులోంచి వచ్చింది. చెప్పులు చేత్తో పట్టుకుంది. దండెం కర్ర ఊడదీసి రెండో చేత్తో పట్టుకుంది.

పాకలోంచి పెట్ట కొక్కొక్కోమని గోల పెడుతోంది. లోపల ఎవరో ఉన్నారు. గడ్డి చప్పుడవుతోంది.

ఇన్నాళ్ళ కష్టమూ, సెలవూ, అత్తగారి కాళ్ళూ, అన్నీ గుర్తొచ్చి కోడలికి ఒళ్ళు మండింది. కర్ర పైకెత్తి పాక తలుపు ఒక్క తోపు తోసింది.

ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఉండిపోయింది.

నల్లపెట్టను చంకలో ఇరికించుకుని, తన రెండు కాళ్ళ మీదా నిటారుగా నిలబడ్డ అత్తగారు, “ఇవాళ్టికి కూర్చోకే తల్లీ, నీకు దణ్ణం పెడతాను, నువ్వు కూర్చున్నావంటే నా కోడలు సాయంత్రాలు నా గదికి రావడం మానేస్తుంది!” అని దాన్ని బతిమాలుతోంది.