బ్రేకు మీద కాలు

కృపారావు మాస్టారి పాత కారులో, కాలు పెట్టకుండానే ఒకే వేగంతో నడిపించే క్రూజ్ కంట్రోల్ పనిచేయడం లేదట. అదీ ఒక్క చోటే, సాలూరు రోడ్డు మీద అమ్మవారి గుడి ఎదుట ఆగిపోతోందట.

"ఒరే దాలినాయుడూ, ఈ కారు నాకంటే ముందు ఓ లారీ డ్రైవరుది. ఆడు ఆ గుడి కాడ బ్రేకేసి దణ్ణమెట్టకుండా ఎప్పుడూ దాటలేదట. ఆడు పోయి ఏడాదయినాది," అన్నారు.

లెక్కలు చెప్పే మనిషి మాట్లాడే మాటేనా ఇది? కారుకి భక్తేమిటి! బ్రేకు పెడల్ దగ్గర స్విచ్ పాడైతే, ఎవరూ నొక్కకపోయినా నొక్కారనుకుని క్రూజ్ ఆగిపోతుంది. నా మెకానిక్ షెడ్డు ముందు పడుకునే కుక్కకి కూడా తెలుసు ఆ సంగతి. స్విచ్ మార్చేశాను.

చీకటి పడ్డాక ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. డెబ్బైలో క్రూజ్ పెట్టి, ఆయనకి కనబడేలా రెండు కాళ్లూ వెనక్కి లాక్కున్నాను.

"సూడండి మాస్టారూ, మీ దెయ్యాన్ని పనిలోంచి తీసేసినాను."

గుడి దీపం కనిపించింది. కారు నెమ్మదించింది. టైర్ల కింద కంకర నలిగిన చప్పుడు వినిపించింది. సరిగ్గా గుడి ఎదుట ఇంజన్ కూడా ఆగిపోయింది.

"బ్రేకేసినావేటి?" అన్నారు మాస్టారు.

నేను వేయలేదు. ఫోన్ లైటు కిందికి తిప్పాను. పెడల్ నేలకి అణిగి ఉంది. దిక్కుమాలిన తుప్పు స్ప్రింగని తిట్టుకుంటూ, పైకి లేపుదామని కాలు చాపాను.

పెడల్ మీద ఏమీ కనబడలేదు. కానీ నా బొటనవేలికి ఎవరిదో పాదం తగిలింది. వెచ్చగా ఉంది.