వంటింటి కింద ట్యాంకు

"ముందు ఆ పొయ్యి ఆర్పండమ్మా," అంది వినర్తి, బావి నీళ్లు పట్టిన సీసాకి మూత బిగిస్తూ. నీళ్లు పరీక్షించడం ఆమె ఉద్యోగం.

టెంపే అనే పులియబెట్టిన అట్టల కోసం సోయా గింజలు ఉడికిస్తున్న వగియెం విసురుగా పొయ్యి ఆర్పింది. "నా పొయ్యి కాదు, ముందు ఆ పక్క బంకు మూయించు. వాడి ట్యాంకు కారబట్టే మా వీధి బావులన్నీ పెట్రోలు కంపు."

వీధిలో జనం బంకు యజమాని దర్సొనోను చుట్టుముట్టారు. అరుపులు లోపలికి వినిపిస్తున్నాయి.

"బంకు చుట్టూ తవ్వి చూశాం. అక్కడ నీళ్లు బాగానే ఉన్నాయి. మీ వంటింటి వైపు వచ్చేకొద్దీ వాసన ముదురుతోంది. అది పెట్రోలు కాదు, కిరోసిన్. ఇక్కడ ఇంతకుముందు ఏముండేది?"

వగియెం కాళ్ల కింద గచ్చు వైపు చూసింది.

"మా ఆయన కిరోసిన్ కొట్టు. ట్యాంకు ఈ గచ్చు కిందే పాతాడు. కొట్టు ఎత్తేసినప్పుడు ఖాళీ చేసి ఇసుక నింపానన్నాడు."

"మీరు చూశారా?"

"మొగుడు చెబితే నమ్మాను."

బయట అద్దం భళ్లున పగిలింది.

"మీరు లోపలే ఉండండి. వాళ్లకి నేను చెప్తాను."

"నువ్వు చెబితే వాడి దగ్గర లంచం తిన్నావంటారు."

వగియెం జనాన్ని తోసుకుంటూ వెళ్లి దర్సొనోకు అడ్డంగా నిలబడింది.

"అతన్ని వదలండి. మీ బావులు పాడుచేసింది మా ట్యాంకు."