ఉప్పు మీద దారి

“దారి ఏదయ్యా?” అంది నజాత్.

మోంజి అప్పుడే బాట చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాడు. మొహం కందిపోయి ఉంది.

“లేదు. అన్నిటికంటే బయటి వలయం బాట మీదుగా మూసుకుపోయింది.”

“మూసుకుపోవడమేమిటి? తనంతట తనే మూసుకుందా?”

“నేనే మూసేశానులే. చీకట్లో చూసుకోలేదు.”

ఆ మొగుడూ పెళ్ళాల పని తోజర్ ఊరి చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. ఏటా ఎండలు ముదరకముందే ఉప్పు మైదానం మీద ఊరంత బొమ్మ గీస్తారు. చేతుల్లో పొడుగు పిడి ఉన్న రెండు దంతెలు, లాగితే ఒక్కో పన్నుకూ ఒక్కో గీత. ప్రతి వలయంలోనూ సగం ఆయనది, సగం ఆమెది. అన్నిటికంటే బయటి వలయంతో మొదలుపెట్టి నడుమకు చేరుకుంటారు. తిరిగి బయటపడడానికి ఒక్క కాలిబాట మాత్రం గీయకుండా వదులుతారు. తొక్కి తొక్కి గట్టిపడిన బాట అది, అడుగుల జాడలు పడవు. సాయంత్రం వాలు వెలుగులో వాళ్ళను జీపులో తీసుకొచ్చే లజహర్ గుట్ట మీంచి ఫొటో తీస్తాడు. రాత్రి గాలి ఇసుక తెచ్చి అంతా కప్పేస్తుంది. ఆ బొమ్మ ఆయుష్షు ఒక్క పగలు.

ఉప్పు నేల తెల్లవారుజాము తడికే గీత పడుతుంది. ఎండెక్కితే పెంకు కడుతుంది. ఆ తర్వాత అడుగు వేస్తే అప్పడంలా విరుగుతుంది. మళ్ళీ అతకడం ఎవరి తరమూ కాదు. పోనీ దూకుదామంటే ఒక్కో వలయం ఒంటె కూడా దూకలేనంత వెడల్పు.

అంటే, సాయంత్రం దాకా ఇద్దరూ నడుమనే.

ఇంకో రోజైతే నజాత్ నవ్వేసేదే. ఆ రోజు మాత్రం లజహర్ జీపులో ఆమె సంచి సర్ది ఉంది. మధ్యాహ్నం రోడ్డు మీద ఆగే స్ఫాక్స్ బండి ఎక్కి, ఆ ఊళ్ళో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళాలి. చుట్టపుచూపుగా కాదు, ఇక తిరిగి రాకుండా. ఆ సంగతి ముందే చెప్పేసింది. మోంజి “నీ ఇష్టం” అని ఊరుకున్నాడు. ఆ రెండు మాటలే ఆమెకు ఇంకా గుచ్చుకుంటున్నాయి.

“ఇన్నేళ్ళలో ఒక్కసారైనా దారి మరిచావా నువ్వు? ఇవాళే మరవాలా?”

“వయసు మీద పడుతోంది కదే.”

“నా బండి వెళ్ళిపోతే నీకు సంతోషం.”

“నేనేం అనలేదే!”

“అదే కదా నీ జబ్బు! ఎప్పుడూ ఏమీ అనవు.”

గుట్ట మీంచి లజహర్ రెండు చేతులూ ఊపుతూ కేకేశాడు. “కదలకండి! బొమ్మ అదిరిపోయింది! చచ్చినా కదలకండి!”

“చచ్చేలాగే ఉన్నాం, వాడి మొహం మండ,” అంది నజాత్.

ఎండ నెత్తికెక్కింది. తెల్లటి ఉప్పు కిందినుంచి కూడా కాలుస్తోంది. ఎటు చూసినా తాము గీసిన గీతలే, గోడలు లేని జైలులాగా. మోంజి రెండు దంతెలనూ తిరగేసి నేలలో గుచ్చి, మీద ఆమె దుప్పటి కట్టాడు. ఇద్దరూ ముడుచుకుంటే చాలీచాలని నీడ.

నీడలో కూర్చోగానే పాత పోట్లాట లేచింది. నజాత్ దంతెకు ఒక పన్ను విరిగి ఏళ్ళయింది.

“కొత్తది చేయిస్తానంటే వినవు. నీ గీతల్లో ఎప్పుడూ ఒక సందు.”

“పెళ్ళైన ఏడాది నువ్వు చెక్కిచ్చిన పిడి అది. నీకెక్కడ గుర్తుంటుందిలే.”

మోంజి ఆ పిడి వైపు చూశాడు. బొటనవేలితో దాన్ని ఒకసారి నిమిరాడు, అంతే. షరా మామూలే.

సీసాలో నీళ్ళు సగానికి వచ్చాయి. మోంజి ఖర్జూరాల మూట విప్పి, మెత్తనివి ఏరి ఆమె వైపు తోశాడు. ఆమె ముట్టుకోలేదు. అప్పుడే దూరంగా రోడ్డు మీద దుమ్ము లేచింది.

నజాత్ దిగ్గున లేచింది. “పోతాను. తొక్కుకుంటూ పోతాను. బొమ్మ పోతే పోయింది!”

బాట మీద నాలుగడుగులు వేసింది కూడా. మోంజి లేవలేదు. నేల చూస్తూనే, “వెళ్ళకు నజాత్,” అన్నాడు.

ఆమె ఆగింది. “ఏమన్నావ్?”

“వినబడిందిగా.”

“వినబడలేదు. గాలి.”

గాలి ఊసే లేదు. ఈగ వాలినా వినబడేలా ఉంది ఆ మైదానం.

“వెళ్ళొద్దు అన్నాను. ఆ రోజు ‘నీ ఇష్టం’ అన్నానే గానీ, అప్పట్నించీ కంటిమీద కునుకు లేదు. నువ్వు పోతే నాకెవరున్నారే?”

దుమ్ము మలుపు దగ్గర కాసేపు ఆగింది. మళ్ళీ కదిలింది. కనుమరుగయ్యేదాకా నజాత్ అటే చూస్తూ నిలబడింది. తర్వాత వచ్చి నీడలో కూర్చుని, ఒక ఖర్జూరం నోట్లో వేసుకుంది.

“ఈ ముక్క చెప్పడానికి నన్నిలా ఎండలో కట్టిపడెయ్యాలా?”

“తప్పు నాదేనన్నానుగా,” అన్నాడు మోంజి.

“రేపు కూడా బండి ఉంటుంది. గుర్తుంచుకో.”

“ఉంటే ఉండనీ. రేపు కూడా చెప్తాను.”

పొద్దు వాలింది. గీతల నీడలు సాగి మైదానమంతా పరుచుకున్నాయి. లజహర్ ఫొటోలు తీసుకుని, ఇక రావచ్చని తువ్వాలు ఊపాడు. నజాత్ దుప్పటి ముడులు విప్పుతోంది.

“నువ్వు నెమ్మదిగా రా,” అని మోంజి పెద్ద పెద్ద అంగలేస్తూ ముందు బయలుదేరాడు.

బాటను అడ్డంగా మూసిన ఆ బయటి వలయం గీతల మధ్య, ఆమె దంతెకు విరిగిన పన్ను వదిలిన సందు పొద్దున తను చూసినప్పటిలాగే చెక్కుచెదరకుండా ఉంది. నజాత్ వచ్చేలోపు మోంజి దాన్ని చెప్పుకాలితో తొక్కి చెరిపేశాడు.