తెగిన చోటు

“కొత్తవి కొనుక్కోండి బాబాయ్. వీటిని విప్పితే మళ్లీ మూసే పూచీ నాది కాదు,” అంటూ ఇయర్‌ఫోన్ల చుట్టను బల్ల మీద దర్జీ వైపు తోసింది రిపేరు షాపు అమ్మాయి.

దర్జీ దాన్ని మళ్లీ ఆమె వైపే తోశాడు.

“కాలరు చిరిగిందని చొక్కా తెస్తే, కొత్తది కొనుక్కోమని పంపేస్తున్నానా నేను?”

“చిరుగు కంటికి కనపడుతుంది. ఇందులో ఉన్నవి వెంట్రుకల్లాంటి పోగులు. ఎక్కడ తెగిందో తడుముకోవాలి.”

“తడుము. కూర్చుంటాను.”

స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పక్క వీధిలో ముప్ఫై ఏళ్లుగా బట్టలు కుట్టే మనిషి. అతని నోటికి జడిసి కొలతలిచ్చేటప్పుడు గిరాకీలు ఊపిరి బిగబడతారని, అందుకే అతను కుట్టిన చొక్కాలన్నీ బిగుతుగా ఉంటాయని వీధిలో చెప్పుకుంటారు. అమ్మాయి ఇక వాదించలేదు. తీగలు పరీక్షించే మీటరు తీసింది.

ఫోనుకి బిగించి చుట్టారా, తీగ పట్టుకుని లాగారా, జేబులో కుక్కారా అని ఆరా తీసింది. జనం ఇలాగే వీటిని చంపి తెచ్చి బతికించమంటారని సణిగింది. దర్జీ అన్నింటికీ తల అడ్డంగా ఊపాడు. ఇవి అతని భార్యవి. ఆమె పోయి ఎనిమిది నెలలైంది. రోజూ పని అయ్యాక వీటిని గాజంత వదులుగా చుట్టి, బొత్తాల డబ్బాలో పెట్టేది. ఆ డబ్బా మూత అతను ఇవాళ పొద్దున తీశాడు. చెవుల్లో పెట్టుకుంటే చప్పుడు లేదు. ఇంకో ఫోనుకి పెట్టి చూసినా అంతే.

“తీసేటప్పుడు నేనే తెంపి ఉంటాను,” అన్నాడు.

ఆవిడ పాటలు ఆవిడ ఫోనులోనే ఉంటాయి కదా, బయటికి పెట్టుకుని వినొచ్చుగా అంది అమ్మాయి. ఆమె విన్నట్టే వినాలన్నాడు దర్జీ. చెవుల్లో, ఒక్కడే, పక్కనున్నవాడి మాట పడకుండా.

ఐదేళ్లు ఆ పక్కనున్నవాడు తనే. అతను మిషను దగ్గర. ఆమె గుమ్మం దగ్గర వెలుతురుకి కూర్చుని, వీపు ఇటు పెట్టి, చొక్కాల బొత్తాలకి కాజాలు కుడుతూ. రెండు చెవుల్లోనూ ఇవే. మొదట్లో ఒళ్లు మండేది. మొగుడి గొంతు వినడం ఇష్టం లేకనే పెట్టుకుందనుకున్నాడు. కొన్నాళ్లకి అదే కలిసొచ్చింది. ఆమె మొహం చూస్తే తిట్టు తప్ప రాని నోరు, వినపడదన్న ధైర్యంతో పెగిలింది. మిషను ఆపి, ఆ వీపుకి చెప్పుకునేవాడు. మొన్న మీ చెల్లెలి ముందు నిన్ను ఎందుకూ పనికిరానిదన్నాను, అనకుండా ఉండాల్సింది, అని. గిరాకీలు వచ్చేది నీ కాజాలు చూసి, నా కుట్టు చూసి కాదు, అని. నాకంటే ముందు పోకు, అని. ఒక్కోసారి ఆమె సూది ఆగేది. పాట అయిపోయింది కాబోలనుకుని గబుక్కున మిషను తొక్కేవాడు.

ఇవేవీ అమ్మాయికి చెప్పలేదు. ఒక్కటి మాత్రం చెప్పాడు.

“ఎదురుగా ఒక్క మంచి మాట అనలేదమ్మాయ్. వినకుండానే పోయింది.”

అమ్మాయి తలెత్తలేదు. తీగను వేళ్ల మధ్య అంగుళం అంగుళం నొక్కుతూ వస్తోంది. చెవుల దగ్గర బాగానే ఉంది. రెండు తీగలు కలిసే చోటా బాగానే ఉంది. ఫోనులో గుచ్చే పిన్ను దగ్గరికొచ్చి ఆగింది. అక్కడ రెండంగుళాల మేర నల్లదారం చుట్టి ఉంది. ఒక చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కలేదు.

“ఎవరు చుట్టారు బాబాయ్? నాకే ఇంత శుభ్రంగా రాదు. తీగ వంగి విరిగేది ఇక్కడే. ఏదో ఒకటి చుట్టుకోండని అందరికీ మొత్తుకుంటాను, ఒక్కరూ వినరు.”

“కాజా కుట్టు అది,” అన్నాడు దర్జీ. “ఆ చేయి ఇంకెవరికీ లేదు.”

దారం కోస్తానంటే ఒప్పుకోలేదు. కళ్లజోడు సర్దుకుని, ముడి వెతికి, కొస దగ్గర్నుంచి తనే విప్పాడు. చివరి చుట్టు ఊడేసరికి తీగ రెండు ముక్కలై బల్ల మీద పడింది.

అమ్మాయి ఆ ముక్కల్ని భూతద్దం కింద పెట్టింది. రాగి పోగుల కొసలు పచ్చగా ఉన్నాయి.

“ఇది మీరు తెంపింది కాదు. ఇంత చిలుము పట్టాలంటే నాలుగేళ్లన్నా అయి ఉండాలి.”

“పోయే ముందు రోజు దాకా పెట్టుకుంది.”

“పెట్టుకుని ఉంటారు. వీటిలోంచి ఏదీ వినపడి మాత్రం ఉండదు.”

దర్జీ మొహం చూసి అమ్మాయి గొంతు తగ్గించింది. ఎలక కొరికి ఉంటుందని, ఆవిడ గమనించక పైన దారం చుట్టేసి ఉంటారని అంది. అతికించమంటారా అని అడిగింది.

దర్జీ లేచి భూతద్దం మీదికి వంగాడు. ఎలక కొరికితే కొసలు నలిగి ఉంటాయి. వంగి తెగితే ఒక్కో పోగు ఒక్కో పొడవున ఉంటుంది. ఇక్కడ పోగులన్నీ ఒకే వాలున, ఒకే పొడవున ఉన్నాయి.

“ఎలక కాదమ్మా,” అన్నాడు. “మా కత్తెర.”